మంచు రోజున మా ఇల్లు: ఒక బొమ్మల పుస్తకం చేసిన అనుభవం

పిల్లల బొమ్మల పుస్తకానికి సాధారణంగా 32 పేజీలు ఉంటాయి. పెద్ద షీటును రెండువైపులా అచ్చువేసి మడిస్తే పేజీలు పదహారు చొప్పున వస్తాయి కాబట్టి ఆ లెక్క అలా స్థిరపడింది. పేరు పేజీ, వివరాల పేజీ లాంటివి తీసేస్తే కథకు దాదాపు పద్నాలుగు జతలు (పుస్తకం తెరిస్తే పక్కపక్కన కనిపించే రెండేసి పేజీలు) మిగులుతాయి. మంచు పడి అందరం ఇంట్లోనే ఉండిపోయిన ఒక రోజును నేను ఆ పద్నాలుగు జతల్లో చెప్పాలి.

మేముండేది అమెరికాలోని బఫలోలో, ఈరీ సరస్సు తూర్పు కొసన. చలికాలం మొదట్లో సరస్సు నీళ్లలో ఇంకా వెచ్చదనం ఉంటుంది. వాటి మీదుగా వచ్చే చల్లగాలి తేమను ఎత్తుకొచ్చి మా మీద మంచుగా కుమ్మరిస్తుంది. 2022 నవంబరులో ఊరికి దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్కులో 80 అంగుళాల దాకా పడింది. అలాంటి రోజుల్లో బడికి సెలవని తెల్లవారకముందే మెసేజ్ వస్తుంది. పిల్లలకు అది పండగ, పెద్దవాళ్లకు టెన్షన్. ఈ రెండూ ఒకే వంటింట్లో తిరుగుతుంటాయి. లైబ్రరీలో మంచు మీద మంచి పుస్తకాలు బోలెడున్నాయి. వాటిని మా పాపకు ఎన్నోసార్లు చదివి వినిపించాను. కానీ వాటిలో నానమ్మ శాలువా కప్పుకుని పెసరట్టు వేయదు. మా పాపకు అలాంటి పుస్తకం ఒకటి కావాలనిపించింది.

కథ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చిన మొదటి చలికాలంలో కిటికీ దగ్గర నిలబడి, "ఎవరో దూది ఏకి పారబోసినట్టుందే" అన్నారు. బయటికి రమ్మంటే మాత్రం ఆవిడ ససేమిరా అన్నారు. దాంతో మా పాపే ఒక గిన్నె నిండా మంచు నింపి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ వేలితో తాకారు, వాసన చూశారు, గిన్నె బల్ల మీద పెట్టి పకోడీలు వేయడానికి లేచారు. తిరిగొచ్చి చూసేసరికి గిన్నె అడుగున కాసిని నీళ్లున్నాయి. "ఇంతేనా?" అన్నారు. మామూలుగా పది అంగుళాల మంచు కరిగితే వచ్చేది అంగుళం నీళ్లే. నా పుస్తకానికి నడుము ఆ గిన్నెలోనే దొరికింది.

ముందుగా డమ్మీ చేశాను. ఎనిమిది ఏ4 కాగితాలను సగానికి మడిచి మధ్యలో పిన్ను కొడితే 32 పేజీల పుస్తకం అవుతుంది. అందులో పెన్సిల్‌తో గజిబిజి బొమ్మలు వేసి, మాటలు అతికించి, పాప ఒళ్లో పెట్టి చదివాను. ఈ పని చేయాలనుకునే వాళ్లు ఇది మాత్రం వదలొద్దు. బిడ్డ చెయ్యి ఎక్కడ తనంతట తాను పేజీ తిప్పడానికి లేస్తుందో, ఎక్కడ చూపు పక్కకి పోతుందో అప్పుడే తెలుస్తుంది. గిన్నె నిండుగా ఉన్న బొమ్మ కుడివైపు పేజీలో ఉండాలి, పేజీ తిప్పితేనే కరిగిన నీళ్లు కనిపించాలి. రెండూ పక్కపక్కనే కనిపిస్తే ఆశ్చర్యం పోతుంది. దానికోసం ముందున్న జతలన్నీ జరిపాను.

మాటలు తగ్గించడానికే ఎక్కువ సమయం పట్టింది. బొమ్మలో కనిపించేదాన్ని వాక్యం మళ్లీ చెప్పకూడదు. "నాన్న బయటికి వెళ్లాడు" అని మాత్రం రాశాను. బొమ్మలో నాన్న పార పట్టుకుని గోడ పక్కన హీటర్ పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వుతుంటాడు. ఆ గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. అమ్మ కిటికీలోంచి అతన్నే చూస్తుంటుంది. 2022 డిసెంబరు మంచు తుఫానులో మా ప్రాంతంలో పదుల మంది చనిపోయారు, ఆ భయం మా అందరికీ గుర్తుంది. దాన్ని మూడేళ్ల పిల్లకు చెప్పక్కర్లేదు. చదివి వినిపించే అమ్మకో నాన్నకో ఆ చూపు అర్థమైతే చాలు.

బొమ్మలన్నీ నీటిరంగులతో, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) గరుకు కాగితం మీద వేశాను. నీటిరంగుల్లో తెలుపంటే రంగు వేయకుండా వదిలేసిన కాగితమే. కాబట్టి మంచు ఎక్కడుండాలో ముందే తేల్చుకుని, ఆ చోటును కాపాడుకుంటూ చుట్టూ వేయాలి. మంచు మీద నీడ బూడిద రంగులో ఉండదు. ఆకాశపు వెలుగు పడి నీలంగా కనిపిస్తుంది. ఆ నీలం పెట్టగానే పక్కనున్న ఖాళీ కాగితం మంచుగా మారిపోతుంది. పడుతున్న మంచుకు ఇంకో ఉపాయం ఉంది. రంగు తడిగా ఉండగానే కల్లుప్పు చల్లితే, ఒక్కో పలుకు చుట్టూ రంగు పీల్చుకుపోయి చిన్న తెల్లటి పువ్వుల్లాంటి మచ్చలు పడతాయి. ఇంటి లోపలి పేజీల్లో పసుపు, నారింజ రంగులు ధారాళంగా వాడాను. భోగి నాటి పేజీలో నానమ్మ, మనవరాలు కలిసి మంచు మీద పసుపు నీళ్లతో ముగ్గు వేస్తారు. తెల్లటి నేల మీద పిండి కనిపించదు మరి! ఆ పేజీ అంటే నాకు ప్రాణం.

తెలుగు అక్షరాలు పేర్చడం ప్రత్యేకమైన పని. గుడులు పైకి, ఒత్తులు కిందికి పోతాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషుకన్నా ఎక్కువ జాగా వదలాలి. ఉచితంగా దొరికే మండలి ఫాంటు గుండ్రంగా, తేటగా ఉంటుంది. పిల్లలకు అది బాగుందనిపించింది. అచ్చు హైదరాబాద్‌లో వేయించాం. మన డీటీపీ వాళ్లలో (కంప్యూటర్లో పేజీలు పేర్చేవాళ్లలో) చాలామందికి ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లే అలవాటు, మండలి అక్షరాలు వాళ్ల దగ్గర చెదిరిపోవచ్చు. అందుకని అక్షరాలను ఆకారాలుగా మార్చిన పీడీఎఫ్ పంపాను, ఒక్క ఒత్తు కూడా చెదరలేదు. స్క్రీన్ మీద మెరిసే నీలం నాలుగు రంగుల అచ్చులో డల్ అవుతుంది. ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించి చూశాకే 'సరే' అనాలి. 200 కాపీలకు, ప్లేట్లు చేయించి వేసే ఆఫ్‌సెట్ అచ్చు గిట్టదు, ప్లేట్ల ఖర్చే మీద పడుతుంది. అందుకే డిజిటల్ ప్రింటింగు, సెంటర్ పిన్నింగు చేయించాం. అమ్మకానికి కాదు కాబట్టి ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోలేదు. కావాలంటే మన దేశంలో దాన్ని ఉచితంగానే ఇస్తారు.

కాపీలు తెలిసినవాళ్ల సూట్‌కేసుల్లో బఫలో చేరాయి. ఎక్కువ భాగం వారాంతపు తెలుగు తరగతి పిల్లలకు పంచాను. తర్వాత పడిన మంచుకు చాలా ఇళ్లలో గిన్నెలు బయటికొచ్చాయట. ఒక బాబు రెండుసార్లు పడిన మంచును ఒకే గ్లాసుతో కొలిచి, పొడి మంచులో నీళ్లు తక్కువ, తడి మంచులో ఎక్కువ వచ్చాయని నాకు చూపించాడు. వాడి కొలత సరైనదే. మళ్లీ అచ్చు వేయించేటప్పుడు చివరి పేజీలో ఆ గ్లాసులు రెండూ గీస్తున్నాను.