ఆ ఒక్క నిమిషం

పిల్లలు ఎంత ధారాళంగా చదువుతున్నారో చూడ్డానికి ఈ వారం స్పీచ్ రికగ్నిషన్ యాప్ వాడాం, అంటే మాటలు విని వాటిని అక్షరాల్లో పెట్టేది. లెక్క తేలికే: 1 నిమిషంలో తప్పు లేకుండా చదివిన పదాలెన్ని అని. రెండో తరగతి పాప 'పాలు' దగ్గర 'పలు' అంది. ఆగింది. వేలు వెనక్కి జరిపి 'పాలు' అని దిద్దుకుంది. మనం పక్కన కూర్చుని వింటే, అలా వెంటనే దిద్దుకున్నది ఒప్పు కిందే లెక్క. యాప్ తప్పు వేసింది. ఇంకో బాబు తప్పు చదివితే, వాక్యాన్ని బట్టి ఊహించుకుని ఒప్పు రాసేసింది! ఎక్కువగా పెద్దవాళ్ల మాటలతో నేర్చుకున్న యంత్రానికి పిల్లల సన్నటి గొంతు, సాగదీతలు, కూడబలుక్కోవడం ఓ పట్టాన అందవు. సమయం బాగా కలిసొచ్చింది, కాదనను. అయినా రికార్డింగులన్నీ మళ్లీ వింటున్నాను. పాప మార్కు ఇందాకే సరిచేశాను.