పై వరుసలో ఏ కాలేజీ పెట్టాలి

ఐఐటీ, నిట్ లాంటి కేంద్ర ఇంజనీరింగ్ కాలేజీల సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో, కావాల్సిన కాలేజీలను ఇష్టం ప్రకారం వరుసలో పెట్టి లాక్ చేసే గడువు దగ్గరపడేసరికి మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. తాడేపల్లిగూడెం నిట్ పైన పెట్టాలని మా ఆవిడ, మా అత్తగారు. ఒడిశాలోని రూర్కెలా నిట్ పైన పెడతానని మా అమ్మాయి. నేను గోడ మీద పిల్లిని.

గూడెం అయితే మా అంబాజీపేట నుంచి రావులపాలెం, తణుకు మీదుగా పొద్దున్నే బయల్దేరితే భోజనం వేళకి క్యారేజీ అందించి రావచ్చు. రూర్కెలా అంటే ముందు రాజమండ్రి చేరి బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. దాదాపు రోజంతా రైల్లోనే. (కోనసీమకు రైలు గురించి నన్ను కదపకండి, అది వేరే పోస్టు.)

చదువు గురించి మాకు పెద్ద గొడవ లేదు. రెండూ నిట్‌లే. టెన్షన్ అంతా పిల్ల అక్కడ కలుస్తుందా అని. ఏ నిట్‌లోనైనా సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకే. అంటే గూడెంలో సగం మంది మనవాళ్ళు. రూర్కెలాలో సగం మంది ఒడిశా పిల్లలు, మిగతా సగం దేశమంతటి నుంచీ వస్తారు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరుంటే అందరు. "అది ఒంటరైపోదూ?" అన్నది మా ఆవిడ వాదన.

కానీ ఒంటరితనానికి రాష్ట్రం దాటాలా? ఇంటర్ రెండేళ్ళూ బెజవాడ దగ్గర హాస్టల్లో ఉంది మా అమ్మాయి. చుట్టూ అందరూ తెలుగే. మా కోనసీమ యాసలో మాటకి ముందు "ఆయ్" అంటుందని కొన్నాళ్ళు ఏడిపించారు. తెల్లారుజామున లేపి రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టేవారు. పక్క మంచం పిల్ల ఇంటిపేరు తెలియడానికే నెలలు పట్టిందంది.

ఇంకోవైపు మా వీధి కుర్రాడున్నాడు. తమిళనాడులో ఓ ప్రైవేటు యూనివర్సిటీలో చదివొచ్చాడు. నాలుగేళ్ళున్నా తమిళంలో టీ చెప్పడం రాదు. అవసరం పడలేదట, ఫ్లోరంతా మనవాళ్ళే. అందులో మళ్ళీ గుంటూరు బ్యాచ్, గోదావరి బ్యాచ్, ఆ లోపల కులాల వారీగా గ్రూపులు. ఏ గ్రూపులోనూ ఇమడక ఆఖరి ఏడాది బయట రూము తీసుకున్నాడు. అది వినే "అక్కడ తెలుగువాళ్ళున్నారా?" అన్న ప్రశ్న మీద నాకు నమ్మకం పోయింది.

పాలకొల్లు వైపు అమ్మాయి ఒకరు రూర్కెలాలో సెకండియర్. తెలిసినవాళ్ళ ద్వారా నంబరు దొరికితే స్పీకర్ ఆన్ చేసి కూర్చున్నాం. మా ఆవిడ భోజనం, ర్యాగింగ్ అడిగింది. అత్తగారు చలి గురించి అడిగారు. మా అమ్మాయి మాత్రం, "గదిలో వాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటుంటే నువ్వేం చేస్తావక్కా?" అంది.

అటువైపు కాసేపు ఆలోచించి చెప్పింది: "మొదట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకునేదాన్నే. తర్వాత 'నాకూ చెప్పండి, హిందీలో' అని అడగడం మొదలెట్టాను. అడిగితే చెప్తారు. అడక్కపోతే మనం ఉన్నామని వాళ్ళకి గుర్తుండదు, అంతే. చెడ్డవాళ్ళేం కాదు." సంక్రాంతికి మాత్రం ఆశ పెట్టుకోవద్దంది, జనవరి మొదట్లోనే క్లాసులు మొదలైపోతాయట. మా దగ్గర కనుమనాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం లేని కనుమ ఎలా ఉంటుందో మా అమ్మాయికి ఇంకా తెలీదు. ఫోను పెట్టేశాక దాని మొహం కాస్త చిన్నబోయింది, అబద్ధమెందుకు.

మా పిల్ల అడిగే రకమా కాదా? నేను తేల్చుకోవాల్సింది ఇదొక్కటే అనిపించింది. రాజమండ్రిలో జేఈఈ రాసిన రోజు గుర్తొచ్చింది. గేటు దగ్గర ఎండలో మజ్జిగ ప్యాకెట్టు పట్టుకుని నేను నిలబడితే, మా అమ్మాయి ఓఎన్‌జీసీ ఉద్యోగి కూతురెవరితోనో వచ్చీరాని హిందీలో ఓ ఫిజిక్స్ లెక్క గురించి గట్టిగా వాదిస్తూ బయటికొచ్చింది. నన్ను చూసి కూడా ఆగలేదు. చేత్తో ఉండమని సైగ చేసి, అరచేతిలో పెన్నుతో బొమ్మ గీసి మరీ చూపించింది. హాస్టల్లో రెండేళ్ళు నోరు మూసుకున్న పిల్లేనా ఇది అనుకున్నాను.

ఆ సంగతి చెప్తే మా ఆవిడ, "పావుగంట వాదించడం వేరు, నాలుగేళ్ళు ఉండటం వేరు" అంది. అదీ నిజమే. నచ్చకపోతే సీట్ల కేటాయింపు ఆఖరి రౌండుకు ముందే సీటు వదులుకోవచ్చనీ, కొంత కోసుకుని మిగతా డబ్బు వెనక్కిస్తారనీ నచ్చజెప్పాను. డబ్బు సంగతి కాదుగా నేనడిగింది, అంది.

చివరికి రూర్కెలా పైన, గూడెం కింద పెట్టి అమ్మాయే లాక్ చేసింది. మా ఆవిడ ఏమీ అనలేదు. గూడెమే రావాలని అయినవిల్లి వినాయకుడికి మొక్కుకుందట, అత్తగారు చెప్పారు.