కేస్ ముట్టుకుంటే జివ్వుమంటోంది: నా మొదటి గేమింగ్ పీసీ, నాలుగో వారం

నిన్న రాత్రి పదకొండున్నరకి వట్టి కాళ్లతో నేల మీద నిలబడి పీసీ కేస్ మీద చెయ్యి వేశాను. ఏమీ కాలేదు! ఇందులో సంబరం ఏముందంటారా? మూడు వారాలుగా చెప్పులేసుకుని గేమ్స్ ఆడుతున్నవాడిని నేను.

పార్ట్‌ల సంగతి గబగబా చెప్పేస్తాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ డిస్కు, 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని పీసీకి సరిపడేలా మార్చే పెట్టె). అన్నీ సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనే, జీఎస్టీ బిల్లుతో. మానిటర్ పాతదే, అది కాక 56 వేలయింది. బటన్ నొక్కగానే డిస్‌ప్లే వచ్చింది, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) మొదటిసారికే పట్టింది.

బీ450 తీసుకుంటే కొంచెం డబ్బు మిగిలేదే. కానీ పాత స్టాకు బోర్డయితే బయాస్ (బోర్డులో ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేదాకా 5600ని గుర్తుపట్టదు, చాలా బోర్డుల్లో అప్‌డేట్ కోసం ఎవరి దగ్గరో పాత ప్రాసెసర్ అడుక్కోవాలి. పైగా 6600 కార్డు బోర్డుతో మాట్లాడటానికి వాడుకునేది 8 లేన్లే (డేటా దారులు), బీ450లో అవి మూడో తరానివి, అంటే బీ550లో కంటే నెమ్మది. ఇక ఎన్‌విడియా ఉంటేనే గేమింగ్ అనే మా ఆఫీసు మేధావుల మాట వినుంటే వాళ్ల 3050 కార్డు దగ్గర ఆగేవాణ్ణి. రే ట్రేసింగ్ (గేమ్‌లో వెలుగునీడల్ని నిజంలా చూపించే పద్ధతి) పక్కన పెడితే 1080పీలో 6600 దానికంటే బాగా ముందుంటుంది. ఈ బడ్జెట్‌లో రే ట్రేసింగ్ గురించి మాట్లాడుకోవడం నాకైతే నవ్వులాట.

ఇక అసలు గోల.

రెండో రోజు పొద్దున అమ్మ ఇల్లు తుడిచి వెళ్లింది. నేల ఇంకా ఆరలేదు. పెన్‌డ్రైవ్ పెట్టబోయి కేస్ అంచు ముట్టుకుంటే వేళ్లలో జివ్వుమంది. గట్టి షాకేం కాదు, చీమలు పాకినట్టు. అరచేతితో పట్టుకుంటే తెలియదు, మణికట్టు లోపలి వైపు ఆనిస్తే బాగా తెలుస్తుంది. పెయింట్ ఉన్నచోట లేదు, స్క్రూల దగ్గర, వెనక పోర్టుల దగ్గర ఉంది. దానికి తోడు ముందు జాక్‌లో హెడ్‌ఫోన్స్ పెడితే సన్నగా హమ్. "చెప్పులేసుకుని ఆడుకో, పోలా?" అంది అమ్మ. మూడు వారాల పాటు పనిచేసిన ఏకైక పరిష్కారం అదే.

మొదట స్టాండాఫ్ (బోర్డుని కేస్‌కి బిగించే చిన్న లోహపు దిమ్మె) ఎక్కడో బోర్డు వెనక తగులుతోందనుకున్నాను. అన్నీ విప్పి బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి నడిపాను. ఎస్‌ఎంపీఎస్ బాడీ ముట్టుకుంటే మళ్లీ జివ్వు. బోర్డు కూడా తీసేసి ఎస్‌ఎంపీఎస్ ఒక్కదాన్నే ప్లగ్‌లో పెట్టాను. అదే జివ్వు. దొంగ దొరికాడనుకుని ఆటోలో షాపుకి పట్టుకెళ్లాను. అక్కడి కుర్రాడు బెంచి మీద పెట్టి చెయ్యి ఆనించి చూసి "ఏం లేదన్నా, మంచిగనే ఉంది" అన్నాడు. నేనూ ముట్టుకున్నాను, ఏమీ లేదు. ఇంటికొచ్చి పెడితే జివ్వు. శనివారం మళ్లీ వెళ్లి బతిమాలి వేరే కంపెనీ ఎస్‌ఎంపీఎస్ మార్పించుకొచ్చాను. ఇంట్లో అదీ అంతే. పాపం మొదటి దాన్ని అనవసరంగా తిట్టుకున్నాను. షాపు సాకెట్‌లో ఉండి మా సాకెట్‌లో లేనిదేమిటన్న ఆలోచన అప్పటిదాకా రాలేదు నాకు.

మల్టీమీటర్ తీశాను. నా గది సాకెట్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 234 వోల్ట్లు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 40, 61, 38... అంకె నిలబడదు. వంటింట్లో ఫ్రిజ్ సాకెట్‌లో ఫేజ్ నుంచి ఎర్త్‌కి 232, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి 2. ఇక్కడే సగం అర్థమైంది. వంటింటి ఎర్త్ నుంచి పొడుగు తీగ లాగి కేస్‌కీ దానికీ మధ్య కొలిస్తే 112 వోల్ట్లు. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపినా 109. ప్లగ్ పీకితేనే సున్నా. మీటర్‌ని మిల్లీ ఆంపియర్లకి తిప్పితే 0.3, మానిటర్ కేబుల్ కూడా తగిలిస్తే 0.4.

234లో సగం 117. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు వచ్చే చోట నాయిస్ వడకట్టడానికి ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ ఆ రెంటికీ నడుమ సగం వోల్టేజీ దగ్గర వేలాడుతుంది. అంటే రెండు ఎస్‌ఎంపీఎస్‌లూ బాగానే ఉన్నాయి. స్విచ్‌బోర్డు విప్పి చూస్తే మూడో పిన్ను వెనక తీగే లేదు. రంధ్రం మాత్రం ఉంది, అలంకారానికి.

ఓనర్ అంకుల్‌కి చెబితే "ముప్పై ఏళ్లుగా ఎవరికీ కొట్టని షాక్ నీకే ఎలా కొడుతోంది బాబూ?" అన్నారు. చివరికి ఎలక్ట్రీషియన్‌ని పంపారు. ఆయన చూసీ చూడగానే "న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి లూప్ ఇచ్చేద్దాం సార్, ఐదు నిమిషాల పని" అన్నాడు. వద్దన్నాను. జివ్వు పోతుంది, నిజమే. కానీ ఎప్పుడైనా ఆ న్యూట్రల్ ఎక్కడో ఊడితే కేస్ మీద 112 కాదు, మొత్తం 230 వచ్చి కూర్చుంటుంది, కెపాసిటర్ అడ్డం లేకుండా. మల్కాజ్‌గిరిలో మా లాంటి పాత ఇళ్లలో న్యూట్రల్ లూజవడం నేను చూడనిదేం కాదు. ఎవరైనా ఈ లూప్ సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోకండి.

వంటింటి నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల పచ్చ తీగ 12 మీటర్లు, గోడ వెంట పట్టీలో లాగించాను. అంతకుముందు ఆ వంటింటి ఎర్త్ ఎంత నమ్మకమో చూడమన్నాను. ఆయన ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 60 వాట్ల బల్బు పెట్టాడు. ఫుల్లుగా వెలిగింది, కానీ 232 కాస్తా 227కి పడింది. 0.26 ఆంపియర్‌కి 5 వోల్ట్లు పడిందంటే దగ్గరదగ్గర 19 ఓమ్‌లు. మెట్ల కింద ఎర్త్ గుంత మూత తీస్తే లోపల ఎండిన బొగ్గు, సాలెగూడు. రెండు బకెట్ల నీళ్లు పోసి, గంట ఆగి కొలిస్తే 3 వోల్ట్లే పడింది, అంటే దాదాపు 12 ఓమ్‌లు. ఎలక్ట్రీషియన్ కంటే ఓనర్ అంకులే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

ఇప్పుడు కేస్ నుంచి ఎర్త్‌కి 0.3 వోల్ట్లు. హమ్ పోయింది, కానీ గేమ్‌లో కార్డు మీద లోడ్ పడినప్పుడు మౌస్ కదిపితే ముందు జాక్‌లో సన్నగా కీచుమంటోంది. వెనక జాక్‌లో లేదు. ముందు ప్యానెల్ ఆడియో కేబుల్ కార్డుకి ఆనుకుని పోతోందేమో, ఆదివారం దాన్ని బోర్డు కింది అంచు నుంచి తిప్పి చూస్తాను. అప్పటికీ పోకపోతే చవక యూఎస్‌బీ డీఏసీ (హెడ్‌ఫోన్స్‌కి బయటి సౌండ్ కార్డు) ఒకటి.

12 ఓమ్‌లంటే, నిజంగా ఫేజ్ కేస్‌కి తగిలినా 19 ఆంపియర్లే పారుతుంది, దానికి ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే పడిపోయే స్విచ్) వెంటనే పడుతుందన్న నమ్మకం లేదు. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కాస్త భూమిలోకి లీకైనా పడిపోయే స్విచ్) పెట్టించమని అంకుల్‌ని అడుగుతున్నాను. సగం నాది, సగం ఆయనది అన్నాను. ఆలోచిస్తున్నారు. ఈలోగా 6600ని అండర్‌వోల్ట్ చేసి (వోల్టేజీ తగ్గించి) చూడాలి. ఇప్పుడే 71 డిగ్రీలు చూపిస్తోంది, మేలో మా డాబా కింద గదిలో ఎంతవుతుందో. గుంతలో నీళ్లు పోసే డ్యూటీ కూడా నాకే పడింది, వారానికి రెండు బకెట్లు.