ఇంట్లోనే కనాలనుకున్నాను

కడుపుతో ఉన్నప్పుడు నేను ఇంట్లోనే కాన్పు చేయించుకుంటానని పట్టుబట్టాను. "ఇంత చదువుకుని, హనుమకొండలో ఉండి ఇదేం మాట" అని మా ఆడబిడ్డ ఫోన్‌లో గట్టిగానే కోప్పడింది. నాకు భయం. మా కాలనీలో నా ఈడు వాళ్లలో ఎవరిని కదిపినా పెద్ద ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో అయితే 81.5 శాతం. దేశం మొత్తం సగటు 21.5 మాత్రమే. మన ఆడవాళ్ల ఒళ్లు మిగతా దేశం ఆడవాళ్ల కంటే అంత వేరుగా ఉంటుందా?

ఎనిమిదో నెలలో చూపించుకున్న ప్రైవేటు డాక్టరమ్మ స్కాన్ చూసి, "పేగు మెడకు చుట్టుకుంది, రిస్క్ ఎందుకు, మంచి ముహూర్తం చూసుకుని రండి" అంది. ఆ సాయంత్రమే అత్తమ్మ అయ్యగారి దగ్గరికి పోయి తిథి, నక్షత్రం రాయించుకొచ్చింది. నాకింకా నొప్పులే మొదలు కాలేదు, బిడ్డ పుట్టే టైమ్ మాత్రం చీటీ మీద ఉంది. అది చూశాకే జమ్మికుంట దగ్గరున్న మా అమ్మమ్మ వాళ్ల ఊరికి పోతానన్నాను.

అమ్మమ్మ ఐదుగురినీ ఇంట్లోనే కన్నది. దూలానికి పగ్గం కట్టి, దాన్ని పట్టుకుని గొంతుక్కూర్చునేదట. మంత్రసాని వెనక కూర్చుని నడుముకు ఆముదం రాసి అరచేతులతో నొక్కేదట. మంచమెక్కితే ఊరుకునేది కాదు, "పండుకుంటే పోరడు ఎట్ల దిగుతడు, తిరుగు" అని ఇల్లంతా తిప్పేదట. కాన్పయ్యాక ఆమెకు చాటనిండా బియ్యం, ఒక చీర. ఇదంతా వింటుంటే నాకు ఆశ ఇంకా పెరిగింది. నేనూ ఇక్కడే కంటానన్నాను.

"గప్పుడు దవాఖాన ఏడున్నదే బిడ్డా? ఉంటే పోకపోదునా" అంది అమ్మమ్మ. వాళ్ల చెల్లెలికి బిడ్డ పుట్టాక మాయ పడలేదట. నెత్తురు ఆగక తెల్లారేలోపు పోయిందట. ఆ చెల్లె సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

ఊళ్లో ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య నర్సు) అక్కను అడిగితే ఇంకా విడమరిచి చెప్పింది. కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైతే గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది. అందుకే బిడ్డ బయటికి రాగానే నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలోనే మాస్కు పెట్టి గాలి అందించాలి. అర్ధరాత్రి మా ఊళ్లో అలా జరిగితే అంబులెన్స్ కోసం రోడ్డు వైపు చూడటం తప్ప ఏం చేస్తాం? మరి కోత లేకుండా కనాలంటే ఎట్లా అంటే, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రికి పొమ్మంది. మామూలు కాన్పులు చేయించేలా నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫ్ శిక్షణ ఇవ్వడం మన రాష్ట్రంలో 2017లో అక్కడే మొదలైంది.

నొప్పులు మొదలయ్యాక అక్కడికే పోయాం. సిస్టర్ నన్ను మంచానికి కట్టిపడేయలేదు. వరండాలో నడిపించింది, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టింది, గొంతుక్కూర్చోమంది. అమ్మ నా పక్కనే ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. చాలా చోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. మా పిన్ని కూతుర్నయితే వేరే చోట "ఓపెన్ కావట్లేదు" అని కొద్ది గంటలకే థియేటర్‌కు తీసుకుపోయారు. సిస్టర్‌ను అదే అడిగాను. గర్భసంచి ముఖద్వారం గంటకో సెంటీమీటరు తెరుచుకుని తీరాలన్న లెక్క అందరికీ సరిపోదని, అసలు నొప్పులు 5 సెంటీమీటర్ల నుంచి లెక్కేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిందట. తల్లీ బిడ్డా బాగున్నంతసేపు తొందరేం లేదంది. ఆ మాటతో నా టెన్షన్ సగం దిగింది.

పేగు నిజంగానే మెడ చుట్టూ ఉంది. తల బయటికి రాగానే సిస్టర్ రెండు వేళ్లు దూర్చి, దండ తీసినట్టు తల మీదుగా తీసేసింది. బిడ్డ వెంటనే ఏడ్చింది. నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుందని, ఎక్కువ మందికి ఏమీ కాదని నాకు అప్పుడే తెలిసింది. అమ్మకు మాత్రం పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండమన్న మాట గుర్తొచ్చింది. ఇంటికి పోయాక ఇత్తడి గిన్నెలో నూనె పోసి, అందులోనే మా తమ్ముడికి మేనకోడలి ముఖం మొదటిసారి చూపించింది. నేను అడ్డు చెప్పలేదు. దానివల్ల ఎవరికీ కుట్లు పడవు కదా.

ఆపరేషన్ మీద నాకు కోపం లేదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కిందికున్నా, బీపీ అదుపు తప్పినా ప్రాణం కాపాడేది అదే. ఏటూరునాగారం ఏజెన్సీలో జంపన్నవాగు పొంగే కాలం వస్తే నెలలు నిండినవాళ్లను ముందే ఊళ్లు దాటించి ఆసుపత్రులకు చేరుస్తారు. దారి లేక ఇంట్లో కనాల్సి వస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. పరకాల, ములుగు, హుజూరాబాద్ దవాఖానల్లోనూ నాకు దొరికినట్టు ఓపికున్న సిస్టర్ దొరికితే, ముహూర్తం చీటీ చూసి భయపడి నాలాగా ఇంటి వైపు పరుగెత్తాల్సిన పని ఎవరికీ ఉండదు.

మా చిన్నమ్మ కోడలికి ఇప్పుడు ఐదో నెల. ఇంట్లోనే కంటానంటోంది. నొప్పుల్లో నడవనిస్తారా, తోడు రానిస్తారా, ముందే అడిగి ఆసుపత్రి చూసుకోమన్నాను. సోమవారం చెకప్‌కు ఆమెతో నేనూ పోతున్నాను.