బడి సెలవుల్లో దొరకని అప్పన్న

వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ, ఏ ఏడాదీ అమెరికా బడి సెలవుల్లో రాదు. ఏప్రిల్ రెండో సగంలోనో మే మొదటి సగంలోనో పడుతుంది. పెన్సిల్వేనియాలో అప్పటికి ఏడాది చివరి పరీక్షల హడావుడి మొదలై ఉంటుంది. విశాఖపట్నం పక్కన సింహాచలంలో వరాహ లక్ష్మీనరసింహస్వామి, మేమంతా అప్పన్న అని పిలుచుకునే దేవుడు, చందనం ఒలిపించుకుని నిజరూపంతో దర్శనమిచ్చేది ఏడాది మొత్తంలో ఆ ఒక్క రోజే, చందనోత్సవం నాడే. అందుకే పిట్స్‌బర్గ్‌లో పుట్టి పెరుగుతున్న నా పిల్లలిద్దరూ ఆయన ముఖం ఇంతవరకూ చూడలేదు. వరాహపు మోము, మనిషి శరీరం, సింహపు తోక అని నేను చెబితే విన్నారు, అంతే. వాళ్లకు తెలిసిన అప్పన్న నిలువెత్తు చందనపు ముద్ద.

మేము ఊరికి వెళ్లగలిగేది జూన్, జూలైలలో. అంటే జ్యేష్ఠం, ఆషాఢం. దీన్ని లోటుగా తలచుకుని నేను నిట్టూర్చినప్పుడల్లా మా అమ్మ లెక్క అప్పజెబుతుంది. చందనం అంతా ఒక్కసారే పూయరు కదా. అక్షయ తృతీయ రాత్రి కొండ మీది ఊట అయిన గంగధార నీళ్లతో సహస్ర ఘటాభిషేకం అయ్యాక మూడు మణుగులు, అంటే సుమారు 125 కిలోలు సమర్పిస్తారు. వైశాఖ పౌర్ణమికి మరో మూడు మణుగులు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి ఆఖరి మూడు. ఇందుకోసం చైత్ర బహుళ ఏకాదశి నాటి నుంచే కొండ మీద గంధపు చెక్కలు అరగదీయడం మొదలవుతుంది. ఆ లెక్కన ఆషాఢ పౌర్ణమికి వెళ్లినవాళ్లు చూసేది పన్నెండు మణుగులు నిండిన స్వామిని. "చందనోత్సవం నాడు రాత్రంతా వరసలో నిలబడ్డవాళ్లకు ఈ నిండుదనం దొరుకుతుందా?" అని అమ్మ వాదన. పిల్లలు దీనికోసం ఎప్పుడూ బాధపడలేదు. ఊరడింపు నాకే.

నేను పెరిగింది కొండకు దగ్గరలోనే, గోపాలపట్నంలో. మా తరగతిలో మాస్టారు హాజరు పిలుస్తుంటే అప్పలనాయుళ్లు, అప్పలరాజులు, అప్పలనర్సమ్మలు వరసగా పలికేవారు. సింహాచలం అని పిలిస్తే ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ ఒకేసారి లేచేవారు. దేవుడి గురించి మాకు ఎవరూ ప్రత్యేకంగా బోధించిన గుర్తు లేదు. పెళ్లిళ్లకీ మొక్కులకీ పేచీలకీ ఆయన పేరు ఇంట్లో తిరుగుతూనే ఉండేది. కొత్తగా ఈనిన ఆవుకు కోడెదూడ పుడితే అది అప్పన్నదేనని ముందే అనేసుకునేవారు, పాలిచ్చే పెయ్య పుడితే మాత్రం ఆ మాట ఎవరి నోటా వచ్చేది కాదు. మా తాతయ్య ఈ సంగతి నవ్వుతూ చెప్పేవాడు, అప్పన్నకు కూడా తెలుసన్నట్టు.

ఇక్కడ పిట్స్‌బర్గ్‌లో పిల్లలకు దేవుడు ఆదివారం ఉదయం పదింటికి తరగతిగా వస్తాడు. రంగులు వేయడానికి ఒక కాగితం ఇస్తారు. హిరణ్యకశిపుడంటే అహంకారం, ప్రహ్లాదుడంటే విశ్వాసం, స్తంభమంటే సర్వవ్యాపకత్వం అని గీతలు గీసి జతపరచాలి. చెప్పేవాళ్లు మంచివాళ్లు, సొంత పనులు మానుకుని వచ్చి చెబుతారు. అయినా అనాల్సింది అంటాను. తాత్పర్యం ముందే చేతికిచ్చేశాక పిల్లవాడు కథ ఎందుకు వింటాడు? మా అబ్బాయి ఆ కాగితంలో పదికి పది తెచ్చుకున్నాడు. నరసింహుడి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ప్రశ్నలు మొదలైంది మా అమ్మ కథ చెప్పాక. ఆవిడ చెప్పే తీరులో ప్రహ్లాదుణ్ణి కొండ మీద నుంచి సముద్రంలోకి తోసేస్తారు, పైన కొండను కూడా పడేయమంటారు. వైకుంఠంలో స్వామికి ఆ కేక వినిపిస్తుంది. సర్దుకునే తీరిక ఎక్కడిది? జారిపోతున్న పట్టుబట్టను ఒక చేత్తో పట్టుకుని దూకేస్తాడు. అంత ఎత్తు నుంచి దూకిన ఊపుకు పాదాలు పాతాళం దాకా దిగబడతాయి. "అందుకే ఇప్పటికీ ఆయన పాదాలు కనబడవు" అని అమ్మ ముగించేసరికి మా వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. చెప్పులు వేసుకున్నాడా? బట్ట జారిపోయిందా? మోకాళ్లు నొప్పి పెట్టలేదా? అమ్మ ఒక్కదానికీ తడుముకోలేదు. మోకాలి నొప్పి గురించి ఆవిడకు అనుభవమూ ఉంది.

తరవాతి కథ పురూరవుడిది. ఊర్వశితో కలిసి ఆకాశమార్గాన వెళుతూ ఈ కొండ దగ్గర ఆగాడనీ, స్వామి పుట్టలో ఉన్నట్టు తెలిసిందనీ, తొలగించిన పుట్టమన్నుకు సరిసమానంగా చందనం పూయమని ఆజ్ఞ అయిందనీ. నరసింహుడి ఉగ్రం చల్లారడానికి చందనం అని ఇంకో మాట. రామానుజాచార్యులు వచ్చినప్పుడు చందనం తీయించబోతే విగ్రహం నుంచి రక్తం కారిందనీ, వెంటనే మళ్లీ పూయించారనీ మరో కథ. మా అబ్బాయి మధ్య మాటను పట్టుకున్నాడు. బడిలో కోపం వస్తే మూల కుర్చీలో కూర్చోబెడతారట. "ఏడాదంతా టైమౌటా?" అన్నాడు. అమ్మకు ఆ మాట విడమరచి చెప్పాక కాసేపు ఆలోచించి, "ఒక్కణ్ణే కూర్చోబెట్టరు నాయనా, రోజూ ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తూనే ఉంటారు" అంది.

ఇందులో ఏది నిజం అని అడిగేది మా అమ్మాయి. పన్నెండేళ్లు, తేదీలు లేనిదే ఏదీ నమ్మదు. దాన్ని గోడల దగ్గరకు తీసుకెళ్లాను. ఈ గుడిలో ఇప్పటివరకు దొరికిన శాసనాల్లో పాతది కుళోత్తుంగ చోళుడి కాలానిది, 1098 ప్రాంతపుది. ఇప్పుడు మనం చూస్తున్న ప్రధానాలయం 13వ శతాబ్దంలో తూర్పు గంగ రాజు నరసింహదేవుడి పూనికతో లేచింది. కోణార్క సూర్యదేవాలయం కట్టించినవాడూ ఆయనే అని చెప్పగానే ముఖం వెలిగింది, రథచక్రాల బొమ్మ ఎక్కడో చూసి ఉంది. 1516లో కళింగ దండయాత్ర సమయంలో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి నగలు సమర్పించాడు. వాటిలో ఒక హారానికి 991 ముత్యాలని శాసనంలో ఉంది. వెయ్యికి తొమ్మిది ఎందుకు తగ్గాయన్నది దాని సందేహం. నాకూ అదే సందేహం. ఒక శాసనం మీద వేలు పెట్టి చదవమంది. తెలుగే, కానీ అక్షరాలు నాకు లొంగలేదు. ఒకటి రెండు గుర్తుపట్టి, మిగతావాటికి ఇద్దరం తలలు వాల్చి నిలబడ్డాం. మా వెనక వరసలోవాళ్లు "కదలండమ్మా" అనేదాకా.

చైత్రంలో జరిగే కల్యాణోత్సవాలు కూడా మా సెలవులకు అందవు. అవి ఫోనులో చూస్తాం, మా తమ్ముడు తీసి పంపుతాడు. పెళ్లి తంతు మా పిల్లలకు పెద్దగా పట్టలేదు, పిట్స్‌బర్గ్ కొండ మీద 1970లలో కట్టిన వేంకటేశ్వరాలయంలో కల్యాణాలు చూస్తూనే ఉంటారు. వాళ్లను కట్టిపడేసింది వినోదోత్సవం. స్వామివారి ఉంగరం పోయిందంటారు. దొంగ భక్తుల్లోనే ఉన్నాడంటారు. అర్చకులు వచ్చినవాళ్లలో కొందరిని పట్టుకుని తాడుతో కట్టి నిలబెట్టి, "నువ్వెక్కడి నుంచి వచ్చావు? మొన్న రాత్రి ఎక్కడున్నావు?" అని గట్టిగా విచారిస్తారు. పట్టుబడ్డ పెద్దమనిషి ముఖంలో ఆ మురిపెం చూడాలి! ఉద్యోగంలో అందరినీ నిలదీసేవాడిలా ఉన్నాడు, ఇక్కడ తాడు కట్టించుకుని చేతులు జోడిస్తున్నాడు. చివరికి ఉంగరం దొరుకుతుంది. మా వాడు ఆ వీడియోను ఎన్నిసార్లు తిప్పి చూశాడో. వాళ్లకు లాయరు ఉండడా అని అడిగాడు. ఆదివారపు తరగతిలో దీనికి ఏ తాత్పర్యం జతపరుస్తారో నాకు తెలియదు, పరచకుండా వదిలేస్తే బాగుండునని మాత్రం ఉంది.

2025లో చందనోత్సవం ఏప్రిల్ 30న వచ్చింది. ఆ తెల్లవారుజామున గాలివానకు వరస పక్కన గోడ కూలి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లంతా నిజరూప దర్శనానికి నిలబడ్డవాళ్లే. అమెరికాలో మాకు అది సాయంత్రం, పిల్లలు బడి నుంచి వచ్చి తింటున్నారు. మా ఇంట్లో ఎవరూ ఆ రోజు కొండకు వెళ్లలేదని తెలుసుకునేదాకా నేను ఫోను వదల్లేదు, పిల్లలకు విషయం దాచే వీలు లేకపోయింది. అమ్మాయి ఏమీ అనలేదు. అబ్బాయి అమ్మమ్మనే అడిగాడు, వీడియో కాల్‌లో, నా ముందే. ప్రహ్లాదుణ్ణి తోసేస్తే బట్ట జారుతున్నా దూకినవాడు, వీళ్లు గుడి ముందే ఉంటే ఎందుకు రాలేదు?

నేను కల్పించుకోబోయాను, నా దగ్గర పుస్తకాల్లో చదివిన జవాబులు రెండు మూడు ఉన్నాయి. అమ్మ ఆగమన్నట్టు చెయ్యెత్తింది. "గోడ కట్టింది మనుషులు నాయనా. దాని సంగతి మనుషుల్నే అడగాలి, గట్టిగా అడగాలి. అప్పన్నను నేనూ అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను" అంది. వాడు తలూపాడు. ఒప్పుకున్నాడని కాదు. ఈ ప్రశ్న అడగకూడనిది కాదని అర్థమైంది వాడికి.

ఆ జూలైలోనే వెళ్లాం. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు గిరిప్రదక్షిణ. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు, కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, అడివివరం, హనుమంతవాక మీదుగా సముద్రం వైపు వచ్చి, నగరం చుట్టి గోపాలపట్నం వైపు నుంచి మళ్లీ కొండకు. మధ్యాహ్నం బయలుదేరినవాళ్లు నడుస్తూనే తెల్లవార్చి, పౌర్ణమి నాడు దర్శనం చేసుకుంటారు. ఉక్క, మధ్యమధ్య జల్లు, కాళ్లకింద తడిసిన తారు. చెప్పులు లేకుండా రోడ్డు మీద నడవడం మా పిల్లలకు అదే మొదలు. మావాడికి హనుమంతవాక దాటేసరికే నడక చాలైంది. ఎంవీపీ కాలనీలో ఒక ఇంటి ముందు బల్ల వేసి మజ్జిగ పోస్తున్నారు. వీధి పొడవునా అలాంటి బల్లలే. ఒకచోట పులిహోర, ఒకచోట అరటిపళ్లు, ఒకచోట కాళ్లు చాపిన ముసలివాళ్లకు నొప్పి మందు రాస్తున్న కాలేజీ కుర్రాళ్లు.

"వీళ్లు ఏ సంస్థ?" అని అడిగాడు వాడు. వాళ్ల బడిలో సేవా గంటలు లెక్కవేసి సంతకం పెట్టించుకోవాలి. ఏ సంస్థా కాదు, ఈ వీధివాళ్లు అన్నాను. ఎవరు చెయ్యమన్నారు? ఎవరూ చెప్పలేదు. పేరెక్కడ రాయించుకోవాలి? మజ్జిగ పోస్తున్న పెద్దావిడ ఇదంతా వింటూనే ఉంది. ఏమీ అడగకుండా ముంత వాడి చేతిలో పెట్టి తను పక్కకు జరిగింది. స్టీలు గంగాళంలో పలుచటి మజ్జిగ, పైన తేలుతున్న నిమ్మాకులు, అడుగున దంచిన అల్లం. వాడు గ్లాసులు అంచుదాకా నింపడం మొదలుపెట్టాడు. "సగమే పొయ్యి బాబూ, నడిచేవాళ్లకు ఒలుకుతుంది. ఇంకా కావాలంటే ముందు బల్ల దగ్గర తాగుతారు" అంది ఆవిడ. ప్రతి నాలుగు గ్లాసులకూ ముంతతో అడుగునుంచి కలపమంది, లేకపోతే అల్లం అంతా ఆఖరివాళ్లకే పోతుందట. వాడు అలాగే చేశాడు. చీకటి పడ్డాక లైటు కింద పురుగులు గంగాళంలో పడకుండా పళ్లెం మూత పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ కోడలు మమ్మల్ని లోపలికి పిలిచి అన్నం పెట్టింది. వాళ్ల పేర్లు నేను అడిగాను. మా పేర్లు వాళ్లకు అవసరం పడలేదు.

అమ్మాయి మేనమామతో కలిసి మొత్తం నడిచింది. దారిలో ఎవరో ఎక్కడి నుంచి వచ్చావమ్మా అంటే పిట్స్‌బర్గ్ అని చెప్పిందట. "అయితే కాళ్లకు నూనె రాసుకున్నావా?" అని ఆవిడ వెంటనే అడిగిందట. రాసుకోలేదు. పాదాల మీద బొబ్బలు తగ్గడానికి వారం పట్టింది. అమ్మ ఇచ్చిన చందన ప్రసాదం చిన్న ఉండ ఒకటి అది పెన్సిళ్ల డబ్బాలో దాచుకుంది. లెక్కల పరీక్ష ఉన్న రోజున ఇల్లంతా గంధం వాసన వస్తే నాకు తెలుస్తుంది, తీసి చూసుకుందని.

ఇప్పుడు వాళ్లకు చందనోత్సవానికే వెళ్లాలని ఉంది. నిజరూపం చూడాలట, పాదాలు నిజంగా కనబడవో లేదో తేల్చుకోవాలట. ఏడాది చివరి పరీక్షల ముందు వారం రోజులు బడి మానాలి. పండుగకు ఒక్క రోజు సెలవు ఇస్తారు, వారానికి మాత్రం కారణం రాసి అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం భోజనాల బల్ల మీద ఉంది. అనారోగ్యం, కుటుంబంలో మరణం, ఇతరములు అని గళ్లు. నేను ఏమి రాయాలా అని తటపటాయిస్తుంటే అమ్మాయి కలం లాక్కుని ఇతరముల గడిలో రాసేసింది: "మా దగ్గరి బంధువొకరు ఏడాదికి ఒక్క రోజే కనిపిస్తారు." చూడగానే నవ్వొచ్చింది. మార్చమని చెప్పాలో వద్దో మా ఆయన్ని అడిగితే, ముందు విమానం టికెట్ల ధర చూడమన్నాడు.