వాన గేజ్ డ్రైవర్‌లో కెర్నెల్ మెమరీ లీక్, మొత్తానికి దొరికింది

2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళంలో మా డాబా మీద ఎంత వాన పడిందో నా దగ్గర లెక్క లేదు, ఆ బాధతోనే తర్వాత గేజ్ పెట్టా. కింద గదిలో 1 జీబీ మెమరీ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 3 (చిన్న లినక్స్ కంప్యూటర్), దానికి యూఎస్‌బీ హబ్, హబ్‌కి గేజ్ సిగ్నల్ అందుకునే రిసీవర్. రిసీవర్‌ని కెర్నెల్‌కి (లినక్స్‌ని నడిపే మూల ప్రోగ్రామ్‌కి) కలిపే డ్రైవర్ నేనే రాసుకున్నా.

ఈమధ్య 11 రోజులు ఆపకుండా నడిచేసరికి ఖాళీ మెమరీ తగ్గిపోతూ వచ్చింది, అంటే ఎవరో తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వట్లేదు, లీక్ అంటే అదే. వాన రీడింగులు రాసే లాగర్ ప్రోగ్రామ్ ఏమో మొదట్లో ఎంత ఉందో అంతే ఉంది, పెరగలేదు. మెమరీ లెక్కలు చూపే మెమ్‌ఇన్‌ఫోలో చూస్తే ఎస్‌అన్‌రిక్లెయిమ్ (కెర్నెల్ వాడుతూ, అడిగినా వెనక్కి ఇవ్వలేని మెమరీ) 38 ఎంబీ నుంచి 84కి వెళ్లింది. కెర్నెల్ దాచుకున్నవి వదిలేయమని డ్రాప్ క్యాషెస్‌లో 2 రాశా, డెంట్రీలు ఐనోడ్‌లు (ఫైళ్ల పేర్లు, వివరాల కాపీలు) ఖాళీ అయ్యాయి గానీ ఇది కదల్లేదు, అంటే తినేది కెర్నెలే. స్లాబ్‌టాప్‌ని (కెర్నెల్ మెమరీ ఏ రకం ముక్కల్లో పోతోందో చూపేది) సైజు ప్రకారం సార్ట్ చేస్తే పైన కేమాలోక్-4కే, అంటే 4 కేబీ ముక్కల గుంపు, కూర్చుంది. నా డ్రైవర్ రిసీవర్ తగిలిన ప్రతిసారీ 4 కేబీ బఫర్లు (డేటా పెట్టుకునే జాగాలు) 16 తీసుకుంటుంది కాబట్టి అనుమానం నా మీదకే వచ్చింది.

అప్పుడు జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ లైన్లు లెక్కపెట్టా, 731! సాయంత్రం వీధిలో మోటార్లు వేస్తే వోల్టేజ్ పడిపోతుంది, రాస్ప్‌బెర్రీ పై ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి దానికేం కాదు, హబ్ మాత్రం మామూలు లైన్ మీద ఉండి పడి లేస్తోంది. 731 సార్లు, ఒక్కోసారి 64 కేబీ చొప్పున, దాదాపు 46 ఎంబీ. లెక్క సరిగ్గా అతికింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అమ్మ "ఏట్రా, ఇంకా పడుకోలేదేటి" అని రెండుసార్లు వచ్చి చూసింది.

తెల్లారాక రిసీవర్‌ని చేత్తో పదిసార్లు తీసి పెట్టా, ఏమీ పెరగలేదు. సగం రోజు దీనికే పోయింది. తర్వాత తట్టింది, టెస్ట్ కోసమని లాగర్ ఆపేశా కదా! లాగర్ డివైస్ ఫైల్ ఓపెన్ చేసి ఉన్నప్పుడు పీకితేనే లీక్.

లీక్‌లు వెతికే కేమెమ్‌లీక్ అనే కెర్నెల్ టూల్ కోసం కెర్నెల్ మళ్లీ కంపైల్ చేశా, రాస్ప్‌బెర్రీ పై మీదే కాబట్టి రాత్రంతా పట్టింది. దాని మెమరీ పూల్ (తన లెక్కలు రాసుకోడానికి ముందే పెట్టుకునే జాగా) సైజు పెంచుకోండి, బూట్‌లోనే పూల్ అయిపోతే కేమెమ్‌లీక్ తనంతట తానే ఆఫ్ అయిపోతుంది, నాకు మొదటిసారి అదే జరిగింది. రెండోసారి సరిగ్గా నడిచింది, స్కాన్ చేయించా, రిపోర్ట్ ఖాళీ. లీక్ కళ్లముందు కనబడుతుంటే ఖాళీ ఏంటి అని చాలాసేపు తల పట్టుకున్నా. అది వెతికేది ఎవరి పాయింటరూ (చిరునామా) లేని మెమరీని. నా బఫర్లకి ఇంకా దారి ఉంది, డ్రైవర్‌లోని గ్లోబల్ లిస్ట్ నుంచి. దాని దృష్టిలో అవి వాడుకలో ఉన్నట్టే.

అందుకని కెర్నెల్ కమాండ్‌లైన్‌లో స్లబ్ డీబగ్‌కి యూ ఆప్షన్ (ఏ ముక్క ఎవరు తీసుకున్నారో రాసిపెట్టేది) ఇచ్చి కేమాలోక్-4కే ఒక్కదానికే పెట్టా (రాస్ప్‌బెర్రీ పైలో అది ఒకే లైన్‌లో ఉండాలి, కొత్త లైన్ కొడితే పట్టించుకోదు). లాగర్ నడుస్తుండగా రిసీవర్‌ని పీకి పెట్టినట్టు చేసే ఆథరైజ్డ్ ఫైల్‌లో 0, 1 రాస్తూ 50 సార్లు తిప్పా. ఎవరు ఎన్ని తీసుకున్నారో చూపే అలాక్ ట్రేసెస్‌లో నా ప్రోబ్ ఫంక్షన్ (రిసీవర్ తగలగానే నడిచేది) పేరు, పక్కన 816. 50 సార్లకి 800, ఇప్పుడు వాడుతున్నవి 16.

తప్పు రిలీజ్ ఫంక్షన్‌లో (డివైస్ ఫైల్ మూసినప్పుడు నడిచేది) ఉంది. ఓపెన్‌లో కేరెఫ్ (ఎంతమంది వాడుతున్నారో లెక్క) గెట్ చేశా, అంటే ఒకటి పెంచా, రిలీజ్‌లో మాత్రం డివైస్ పోయిందా అని ముందు చూసి, పోతే ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చేశా, లెక్క తగ్గించే పుట్ ఆ కింద ఉంది, లెక్క సున్నాకి రాక బఫర్లు అలాగే ఉండిపోయాయి. డివైస్ పోయినా పోకపోయినా గెట్ చేసిన ప్రతిసారీ పుట్ జరగాల్సిందే. ఆ చెక్ తీసేశా, ఇప్పుడు 200 సార్లు తిప్పినా ఆఖర్న 16 దగ్గరే ఉంది.

తర్వాత డీబగ్ ఆప్షన్లు తీసేసి పాత కెర్నెల్‌కి వచ్చేశా, ఎందుకంటే కేమెమ్‌లీక్ ప్రతి ఎలొకేషన్‌కి అదనంగా మెమరీ తింటుంది. 9 రోజులైంది, ఎస్‌అన్‌రిక్లెయిమ్ 39 ఎంబీ దగ్గరే ఉంది. హబ్‌ని మాత్రం ఇంకో నెల ఇన్వర్టర్ లైన్‌లోకి మార్చను, వోల్టేజ్ పడే ప్రతి సాయంత్రం డ్రైవర్‌కి ఒక టెస్ట్ అవుతుంది.