పదమూడేళ్ల పిల్లకు అప్పుడే పీసీఓఎస్ అంటారా?

గుంటూరు కొత్తపేటలో ఒక ల్యాబ్‌లో రక్తం శాంపిల్స్ తీస్తుంటాను. ఈమధ్య చాలామంది తల్లులు పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లల్ని తీసుకొస్తున్నారు. చేతిలో పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) అన్న అనుమానంతో తీయించిన స్కాన్ రిపోర్టు, మొహం నిండా టెన్షన్. "నీటిబుడగలున్నాయంటమ్మా, రేపు దీనికి పిల్లలు పుడతారా?" అని ఆ పిల్ల ముందే అడుగుతారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ బుడగలు గడ్డలు కావు, ఎదుగుతూ మధ్యలో ఆగిన అండాల సంచులు. పెద్దమనిషి అయిన కొత్తలో మెదడు పంపే హార్మోన్లకూ అండాశయాలకూ ఇంకా పొంతన కుదరదు. ఆ వయసులో బుడగలు చాలామందికి కనిపిస్తాయి. అందుకే రజస్వల అయిన ఎనిమిదేళ్ల దాకా స్కాన్ చూసి పీసీఓఎస్ అని తేల్చొద్దని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. మొదటి ఏడాది నెలసరి తప్పడం మామూలే. ఆ తర్వాత కూడా 45 రోజులు దాటుతూ, దానికి తోడు గడ్డం మీద ముతక వెంట్రుకలో, రక్తంలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఎక్కువో ఉంటే అప్పుడు అనుమానించాలి.

ఇరవైల్లో ఉన్న పీసీఓఎస్ వాళ్లలో నేను ఎక్కువగా చూసేది మెడ వెనక నలుపు. శనగపిండి పెట్టి రుద్దీ రుద్దీ చర్మం మండిపోయి వస్తారు. అది మురికి కాదమ్మా, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న గుర్తు. పని చేయనికొద్దీ ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. అది అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువ చేయిస్తుంది, వాటిని పట్టి ఉంచే ప్రోటీన్‌ను లివర్‌లో తగ్గిస్తుంది. అండం విడుదలను నడిపే మెదడు హార్మోన్ ఎల్‌హెచ్ కూడా పెరిగితే అండం విడుదల కాదు, నెలసరి రాదు. సన్నగా ఉన్న పిల్లలకూ పీసీఓఎస్ వస్తుంది, వంశంలో ఉంటే మరీనూ. కాబట్టి తిండి దగ్గర తిట్టకండి. డాక్టర్లు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్ పరీక్ష) రాస్తే డబ్బు దండగనుకోవద్దు. అవి తేడా ఉన్నా నెలసరి ఇలాగే తప్పుతుంది.

తెనాలిలో పీసీఓఎస్ ఉన్న మా అక్కకు నలభై దాటాక నెలసరి దానంతట అదే సరైంది. వయసుతో అండాలు తగ్గేకొద్దీ చాలామందికి అలా అవుతుంది. పీసీఓఎస్ పోయిందనుకుని షుగర్ పరీక్ష మానేసింది. ఇన్సులిన్ ఇబ్బంది మాత్రం పోదు. బతిమాలి తీసుకొచ్చి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి పరీక్ష చేయిస్తే, రెండు గంటలకు 168 వచ్చింది. ఇంకా షుగర్ జబ్బు కాదు, దాని గడపలో ఉంది. ఇప్పుడు రోజూ సాయంత్రం నడుస్తోంది, ఏటా పరీక్షకు నేనే పిలుస్తాను.